సీసాలో రెండు ముక్కలు

నేను ఒక ప్లైవుడ్ ముక్కను. అరచేతి వెడల్పు ఉంటాను. పుట్టింది మలేషియాలో. అడవి మానును పలచటి పొరలుగా ఒలిచి, జిగురు పూసి, వేడి ప్రెస్సులో నొక్కి చేసిన షీటు ఓడెక్కి కాకినాడ చేరింది. ప్లైవుడ్ షాపు కోదండంగారు ఆ షీటు మూల కోసి, వెడల్పు మూతి గాజు సీసాలో నీళ్లు పోసి నన్ను అందులో వేశారు. సరుకు గట్టిదని చూపించడానికి ఈ వ్యాపారంలో అందరూ చేసే పనే అది.

కొనేవాళ్లు రాగానే నన్ను బయటికి తీసి, తువ్వాలుతో తుడిచి, బల్ల మీద టపటపా కొట్టేవారు. "ఎప్పట్నుంచి నానుతోందో చూడండి బాబూ! పొర ఊడిందేమో గోరు పెట్టి చూడండి" అనేవారు. ప్లైవుడ్ గురించి ఓనమాలు తెలియనివాళ్లు కూడా గోరు పెట్టి, అంతా తెలిసినట్టు తలాడించేవారు. తర్వాత ఆయన నన్ను కాసేపు ఎండలో పెట్టి మళ్లీ నీళ్లలో వేసేవారు. పసిబిడ్డకు నలుగు పెట్టినంత శ్రద్ధ ఆయనది.

ఏళ్లు గడిచాయి. మలేషియా షీట్లు రావడం తగ్గింది. అక్కడ అడవులు పలచబడ్డాయట. వియత్నాంలోనేమో పొలాల్లో చెట్లు నాటి, షీట్లు చేసి, ఓడలకెత్తుతున్నారట. పక్క షాపులన్నీ ఆ సరుకుతో నిండాయి. మా షాపులో ఈగలు తోలుకుంటున్నారు.

"ఇలాగైతే షట్టరు దించుకోవాల్సిందే నాన్నా" అంది కూతురు మణిమాల. షాపు తను నడపాలని ఆమె ఆశ.

"పొలంలో పెంచిన కర్రా ఒక కర్రేనా? నా మాట మీద కొనేవాళ్లకి ఏం చెప్పమంటావు?" అన్నారాయన.

మణిమాల వియత్నాం ముక్కొకటి తెచ్చి నా సీసాలో వేసింది. వానాకాలం వెళ్లేలోగా దాని పొరలు విచ్చుకుంటే షాపు అమ్మేయడం, విచ్చుకోకపోతే తాళాలు ఆమెకివ్వడం అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

పోటీ కదా, ఆయన నన్ను మునుపటికంటే ఎక్కువగా తీసి చూపించారు. దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక మేస్త్రీ నాకు గోరు పెట్టాడు. పై పొర లేచి వచ్చింది. నాకు సిగ్గేసింది. కోదండంగారు మొలలోంచి తాళాలు తీసి కూతురి ముందు పెట్టారు.

ఆమె తీసుకోలేదు. "ఇదేం పోటీ నాన్నా! దాన్ని నీళ్లలోంచి కదపలేదు. దీన్నేమో రోజూ నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టావు. ఏ కర్రయినా విడిపోద్ది. దీన్ని చూసుకున్నట్టే దాన్నీ చూసుకో. అప్పటికీ నిలబడితే ఇద్దువుగాని."

ఆయన చాలాసేపు నన్ను చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. తన ముద్దే నన్ను చెడగొట్టిందని ఆయనకప్పుడు తెలిసింది. పాపం, కళ్లు తుడుచుకున్నారు.

ఆ రోజు నుంచి దాన్నీ నాలాగే తీసి, తుడిచి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టారు. ఎండాకాలం దాటినా వియత్నాం ముక్క విచ్చుకోలేదు. తాళాలు మణిమాల చేతికి వచ్చాయి, సరుకు దిగింది, షాపు నిలబడింది. నన్ను ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టారు. ఉద్యోగం బాగానే ఉంది, గోరు పెట్టేవాళ్లు లేరు.

పరీక్ష ఎప్పుడో ముగిసింది. అయినా కోదండంగారు పొద్దున్నే వచ్చి ఆ ముక్కను సీసాలోంచి తీస్తారు, తువ్వాలుతో తుడుస్తారు. "గోరు పెట్టి చూడండి బాబూ!" అని మురిసిపోయి, ఎండలో పెడతారు. కింద నుంచి చూస్తుంటే నాకు దాని మీద జాలేస్తోంది.