వంద కౌంటు రొయ్య

మా రొయ్యల ల్యాబ్‌లో నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఈ నెలాఖరుతో సరి. రెన్యువల్ కావాలంటే పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, సొంత డేటా మీద సొంత ప్రోగ్రాం రాసి, అందరి ముందూ నడిపించి చూపించాలని మా హెడ్డు జగన్నాథరావు గారు ఆర్డరేశారు. ఆయన మాత్రం ఇప్పటికీ వాట్సాప్ మెసేజిని ప్రింటు తీయించుకుని చదువుతారు. అది వేరే సంగతి.

నేర్పడానికి రాజమండ్రి నుంచి గణేష్‌బాబు అనే సాఫ్ట్‌వేర్ ఆయన్ని దింపారు. మంచివాడే, కాదనను. కానీ రొయ్యని ఇగురులో తప్ప చూసిన మొహం కాదు. మాకేమో ఒక్క కోలన్ మర్చిపోయినా స్క్రీనంతా ఎర్రగా తిట్టిపోస్తుందని అప్పుడే తెలిసింది. మా శ్రీదుర్గ మేడం ఎంత భయంకరమైన వైరస్‌నైనా లెక్కచెయ్యని మనిషి, ఆ ఎర్ర అక్షరాలు చూసి స్క్రీన్‌తోనే "సారీ అండి" అంది. నేను సారీ చెప్పలేదు. లోపల్లోపల నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

తిట్టుకుంటూనే నేర్చుకున్నాను. మొగల్తూరు పక్కన మా చెరువుల్లో ఒక్కోదానికి ఒక్కో రకం మేత వేసి రొయ్యలు పెంచాం. ఏ మేత మంచిదో చెప్పడమే నా ప్రోగ్రాం పని. ప్రతి చెరువు కౌంటూ ఇచ్చి, అన్నిట్లోకీ తక్కువది చెప్పమని మిన్ అని రాశాను. మా వైపు కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది. ముప్పై కౌంటంటే నాలుగు తింటే కడుపు నిండుతుంది. వంద కౌంటంటే పకోడీల్లోకి. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ పెద్దది. ఇక్కడ చంటిపిల్లనడిగినా చెప్తుంది.

గణేష్‌బాబుకి ఎవరూ చెప్పలేదు. డెమోకి ముందు నా ప్రోగ్రాం చూసి, మంచిది కావాలంటే ఎక్కువది కదండీ తీసుకోవాలి, తక్కువది తీసుకున్నారేంటని మిన్ కొట్టేసి మ్యాక్స్ పెట్టాడు. నేను నోరు తెరిచాను. కొత్తలో ఇలాంటి తప్పులు అందరూ చేస్తారండీ, కంగారు పడకండని ధైర్యం చెప్పాడు. తెరిచిన నోరు మూసేశాను.

డెమోలో ఏమొచ్చింది? మూడో చెరువు మేత బ్రహ్మాండం అని వచ్చింది. ఆ చెరువు రొయ్యలు చీమలకి చుట్టాలు. రొయ్యల్లోనే జుట్టు నెరిసిన జగన్నాథరావు గారు స్క్రీన్‌కి దణ్ణం పెట్టడమొక్కటే తక్కువ. శభాష్ ఉషారాణీ, రేపే ఈ మేత రైతులకి చెప్పేద్దాం అన్నారు. నోరు మూసుకుంటే నా రెన్యువల్ ఖాయం. ఆ మేత కొన్న రైతులు మాత్రం నిలువునా మునుగుతారు. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

లేచి, ఇది తప్పండీ అన్నాను. కంప్యూటర్ తప్పు చెప్తుందా అమ్మా అన్నారాయన.

"దానికి రొయ్యంటే ఏంటో తెలీదండి. మీకు తెలుసు కదండీ?"

శ్రీదుర్గ మేడం నా చున్నీ పట్టుకుని కిందకి లాగింది. నేను కూర్చోలేదు. హెడ్డు గారు కళ్ళజోడు సర్దుకుని, ఈసారి స్క్రీన్ మీది అంకెలు చదివారు: మూడో చెరువు, వంద కౌంటు. మొహం కందగడ్డలా అయింది. అప్పుడు గణేష్‌బాబు లేచి, మార్చింది నేనేనండి, కౌంటు ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకున్నానండి అన్నాడు. వెనక కుర్చీల వాళ్ళు పడీపడీ నవ్వారు. హెడ్డు గారు నవ్వలేదు, నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

"ఆయన మారుస్తుంటే ఊరుకున్నావేంటమ్మా?"

"ఆయన సార్ కదండీ."

"మరి నన్నెలా అడిగావు? నేను సార్‌ని కాదా?"

హెడ్డు గారు వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. మ్యాక్స్ చెరిపి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటివేలితో మిన్ అని కొట్టారు.

"ఇప్పుడు నడుపు," అన్నారు. "వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉండి నన్ను ఇలాగే అడుగు."

అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను.