నాలుగింటికల్లా చంపాలి

మూడు వారాలుగా బాక్టీరియా చావడం లేదు.

డైరెక్టర్ పొద్దున్నే ల్యాబ్‌లోకి వచ్చి, కూర్చోకుండానే చెప్పేశాడు. "నాలుగింటికి వస్తాను. మీ పెప్టైడ్ చంపితే చూపించండి. చంపకపోతే ఈ బల్ల పక్క టీముది."

ఆ పెప్టైడ్ ఎక్కడి నుంచో తెచ్చిన విషం కాదు. గాయమైనప్పుడు మన చర్మమే తయారుచేసుకునే చిన్న ప్రోటీన్ ముక్క. దానిది ధనావేశం, బాక్టీరియా పొరది ఋణావేశం. అందుకే వెళ్లి ఆ పొరకు అతుక్కుంటుంది, చిల్లులు పొడుస్తుంది. మందులకు లొంగని పుండ్ల మీదికి దీన్ని దించాలని సైంటిస్టు ఆరేళ్లుగా పట్టు పట్టింది. మొన్నమొన్నటి దాకా ఇది చంపింది కూడా.

మూడు వారాల క్రితం ఆమె మరిది టెక్నీషియన్‌గా చేరాడు. అప్పటి నుంచే ఆగిపోయింది.

"నన్నే అనుమానిస్తున్నారు కదా వదినా?"

"బాక్టీరియా మారలేదు. పెప్టైడ్ చెడిపోలేదు, నిన్ననే పరీక్ష చేయించాను. ఇక మిగిలింది నువ్వూ నేనూ. వయసులో పెద్దదాన్ని, నన్ను నేను అనుమానించుకుంటే బాగుండదు."

"ఇంట్లోనూ ఇదే న్యాయం. పాలు పొంగితే నేనే, పిల్లాడు పడితే నేనే!"

ఆమె నవ్వలేదు. మధ్యాహ్నం మూడు కావస్తున్నా ఇంకా నోట్‌బుక్ తిరగేస్తోంది. ప్రతి పేజీలోనూ వైఫల్యమే. ఒక్క పదకొండో రోజు మాత్రం బాక్టీరియా మొత్తం చచ్చింది. మిగతా వాటితో పొంతన కుదరక, ఆ పేజీని ఆమే ఎర్ర సిరాతో కొట్టేసింది.

"పదకొండో రోజు నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను, పన్ను పీకించుకుని బుగ్గ పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు మీరే కలిపారు."

ఆమె కుర్చీలోంచి లేచింది. "నువ్వెలా కలుపుతావో చూపించు."

అతను ఫ్రిజ్ తెరిచి, వరసగా పేర్చిన ప్లాస్టిక్ ట్యూబులు తీశాడు. "కలపడానికేముంది, ఇవిగో. నిన్న సాయంత్రమే కలిపేశాను. పొద్దున మీరు హడావుడి పడకూడదని రోజూ ముందే సిద్ధం చేస్తున్నాను."

ఆమె నుదురు కొట్టుకుంది.

"అయ్యో నాయనా! దానికి అతుక్కోవడమే పని. బాక్టీరియా దొరక్కపోతే ట్యూబు గోడనే పట్టుకుంటుంది. అంత పలచటి ద్రావణం రాత్రంతా ప్లాస్టిక్‌లో ఉంటే లోపల ఇంకేం మిగులుతుంది? ఇన్నాళ్లూ బాక్టీరియాకి అది కలిపే ఉప్పునీళ్లే పోశాం."

అతని ముఖం పాలిపోయింది. "ఈ మాట ముందే చెప్పొచ్చు కదా?"

"చెప్పాల్సింది. ఆరేళ్లుగా అప్పటికప్పుడు కలిపి వాడటం నా చేతికి అలవాటు. పద్ధతి కాగితంలో ఆ ముక్కే రాయలేదు. పద, ఇంకా గంట ఉంది."

బాక్టీరియా పెరిగిందో లేదో చూడాలంటే రేపటి దాకా ఆగాలి. అంత టైమ్ లేదు. ఆమె ఎర్ర రంగు సీసా తీసింది. పొరకు చిల్లు పడిన బాక్టీరియాలోకి మాత్రమే ఆ రంగు దూరుతుంది, మైక్రోస్కోప్ ప్రత్యేక వెలుతురులో ఎర్రగా మెరుస్తుంది.

నాలుగింటికి డైరెక్టర్ వచ్చాడు. సైంటిస్టు నోరు తెరిచే లోపే మరిది ముందుకొచ్చాడు.

"తప్పు నాది సార్. రాత్రే కలిపి పెట్టేవాణ్ని, పెప్టైడంతా ట్యూబుకి అంటుకుపోయింది."

"సగం తప్పు నాది," అందామె. "ముందు చూడండి సార్."

నిన్నటి ట్యూబు స్లైడ్ మైక్రోస్కోప్ కింద చీకటిగా ఉంది. తాజాగా కలిపినది పెట్టారు. ఒక ఎర్ర చుక్క. పక్కన మూడు. ఆరు నిమిషాల్లో కంటికి కనబడినంత మేరా ఎరుపే.

"మరి ఒంట్లో ఇలా అడ్డమైన వాటికీ అతుక్కోదా?" డైరెక్టర్ ఆమెను అడిగాడు.

"కొంత అతుక్కుంటుంది సార్. కానీ చర్మం దీన్ని గాయం దగ్గరే వదులుతుంది, అవసరం తీరేదాకా తయారుచేస్తూనే ఉంటుంది. ఈ పెప్టైడ్ తెల్ల రక్తకణాల్నీ అక్కడికి పిలుస్తుంది. మనమూ పుండు మీద అప్పటికప్పుడు కలిపి వేస్తాం."

డైరెక్టర్ చొక్కా చేతులు మడిచాడు. "ఈసారి నేను కలుపుతాను. ఇద్దరూ దూరంగా నిలబడండి."

అతని చేతుల్లోనూ స్లైడ్ ఎర్రబడింది. అతను మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"పక్క టీముని ఇంకో బల్ల చూసుకోమనండి."