పాగాకు రెండో కొస

"తలపాగా తీసి సీట్లో కూర్చో. లేదంటే ఇంటికెళ్లిపో. వీడియోలో నిన్ను చూసి కస్టమర్లు జడుసుకుంటున్నారు!"

నలభై మంది ముందు మేనేజర్ చక్రపాణి అలా అరిచాడు. అమీర్‌పేటలో నాలుగో అంతస్తు మీద, ఇంగ్లండు కంపెనీ తరఫున వీడియో కాల్స్ మాట్లాడే ఆఫీసు అది. ఇందర్‌పాల్ సింగ్ హెడ్‌సెట్ బల్ల మీద పెట్టి, పాగా తీయకుండానే బయటికి నడిచాడు.

పక్క సీట్లో ఉన్న గిడియన్ తలెత్తలేదు. జడుసుకుంటున్నారన్న ఆ మాట చక్రపాణి చెవిలో ఊదింది తనే.

ఇందర్‌పాల్‌దీ గిడియన్‌దీ ఎస్.ఆర్. నగర్‌లో ఒకటే గది. రోజూ పొద్దున తడి పాగా గుడ్డను లాగి మడత పెట్టాలంటే రెండో మనిషి కావాలి. ఒక కొస ఇందర్‌పాల్‌ది, రెండో కొస గిడియన్‌ది. గుడ్డ లాగుతూ, కంపెనీ పని మీద ఒకసారి వెళ్లొచ్చిన ఇంగ్లండు ముచ్చట్లు చెప్పేవాడు ఆ నిజామాబాద్ సర్దార్.

"ఎయిర్‌పోర్టుల అందర్ని పంపుతరు భాయ్, నన్ను పక్కకు నిలవెట్టి పాగా తడుముతరు. బస్సుల నా పక్క సీటు ఎప్పుడు ఖాళీనే. ఒకడు మస్తు తాగొచ్చి పాగా గుంజిండు సుత."

గిడియన్‌కు జాలి కలగలేదు, కడుపు మండింది. ఖాళీ సీటైతేనేం, అది ఇంగ్లండు బస్సులో సీటే కదా! ఈ ఆఫీసులో ఆరేళ్లు ఊడిగం చేసింది నేనైతే, టీమ్ లీడర్‌గా మళ్లీ అక్కడికి పోయేది వీడా? ఆ కుళ్లుతోనే అబద్ధం చెప్పాడు. నిజానికి ఏ కస్టమరూ జడవలేదు.

సాయంత్రం మెట్ల మీద అందరూ గుమిగూడారు.

"ఇయ్యాల పాగా, రేపు నా బొట్టు, ఎల్లుండి ఇంకొకలది. ఆగుతదా?" అంది నవీన.

"మనకెందుకీ లొల్లి? నౌకరి పోతే?" అన్నారెవరో వెనక నుంచి.

సెక్యూరిటీ బుచ్చయ్య కర్ర నేలకు కొట్టాడు. "మా ఊర్ల గడి ముంగట తలరుమాలు తీయమని మా నాయినను దొర కొట్టిచ్చిండు. గా దొర సచ్చిండనుకున్న. నాలుగో అంతస్తుల కూసున్నడు! కస్టమర్లు జడుసుకుంటున్నరని ఎవడో సారుకు చాడీ చెప్పిండట, వాని నోరు పడ!"

"నేనే చెప్పిన," అన్నాడు గిడియన్.

"నువ్వా? ఒక్క గదిల పండుకుంట?" అంది నవీన.

"ఓర్వలేక చెప్పిన."

"తూ! తిట్టుడు తర్వాత," అన్నాడు బుచ్చయ్య. "రేపు అందరు గుడ్డలు పట్కోని రాండ్రి."

గదికెళ్లి గిడియన్ అంతా ఒప్పుకున్నాడు. ఇందర్‌పాల్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున లేచేసరికి గుడ్డ ఒక కొస కిటికీ ఊచకు కట్టి ఉంది, రెండోది లాగుతూ ఇందర్‌పాల్ ఒక్కడే మడత పెట్టుకుంటున్నాడు. ఆ ఊచను చూస్తే గిడియన్‌కు ఏడుపొచ్చింది. ఇనుప ఊచ మీద కూడా ఈర్ష్య కలిగింది.

మధ్యాహ్నం షిఫ్టుకు అందరూ వచ్చారు. చున్నీలు, లుంగీలు, తువ్వాళ్లు తెచ్చారు. బుచ్చయ్య తన తండ్రి ఎర్ర రుమాలు తలకు చుట్టుకున్నాడు. ఇందర్‌పాల్ వరసగా ఒక్కొక్కరికీ పాగా కట్టసాగాడు. కాల్స్ మోగుతున్నాయి. కెమెరాలన్నిటిలో పాగాలే.

"అందరూ తీసేయండి! పోలీసుల్ని పిలుస్తా!" అని అరిచాడు చక్రపాణి.

"పిలువు. ఆళ్లకు సుత కడ్తం," అంది నవీన.

గిడియన్ గోడ దగ్గరే నిలబడ్డాడు. ఇందర్‌పాల్ అతని వైపు చూడకుండానే ఒక చున్నీ కొస విసిరాడు.

"గట్టిగ గుంజు. ఇంకా ముప్పై మంది ఉన్నరు."