పిల్లి మెడ

మేక కార్జం పేరెత్తితేనే ఆ ఇంటి కోడలికి కడుపులో దేవేది. మొగుడిది మాంసం కొట్టని తెలిసే చేసుకుంది, కాదనడం లేదు. చేసుకున్నది మనిషిని గానీ ఆ జిగురునీ నీచు కంపునీ కాదు కదా. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఎటు తిరిగినా అదే వాసన. అది చాలదన్నట్టు, నెల తప్పిన దగ్గర్నుంచీ అత్తగారు రోజూ పొద్దున్నే లేత కార్జం ఏరి, మిరియాలు చల్లి వేయించి, గిన్నెతో తెచ్చి ముందు పెట్టేది. పైన నల్లగా, లోపల ఎర్రగా, నొక్కితే నీరూరుతూ... ఛీ, తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. ఊరందరికీ అమ్మే సరుకులో మేలైనది కోడలికి దక్కడం గొప్పట. ఎవరడిగారమ్మా ఆ గొప్ప?

గిన్నె పెట్టి వెళ్ళిన అత్తగారు కాసేపటికి గుమ్మంలోంచి "తిన్నావా?" అనేది. కోడలు మూతి తుడుచుకుంటూ తిన్నాననేది. నిజానికి తిన్నది కిటికీ కింది పిల్లి. అసలే కొట్టు పిల్లి, ఎప్పట్నుంచో కార్జం తుంపులు మరిగింది. ఇప్పుడు గిన్నెడు దొరికేసరికి దాని పంట పండింది.

ఆ పిల్లే కొంప ముంచింది. ముందు దాని బొచ్చు అట్టలు కట్టింది. తర్వాత మెడ బిగుసుకుపోయింది. పక్కకి చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. వీపు నాక్కోలేక కంపు కొడుతూ, చొంగ కారుస్తూ అక్కడే పడి ఉండేది. దాన్ని చూస్తే కోడలికి రోత పుట్టేది. అయినా గిన్నె కుమ్మరించడం మానలేదు. మానితే తను తినాలి. అందుకు తన మీద తనకే ఇంకా రోత.

మాంసం తనిఖీకి వచ్చే పశువుల డాక్టరు ఒకరోజు పిల్లి మెడ తడిమి చూసి, దీనికి రోజూ కార్జం పెడుతున్నదెవరని అడిగాడు. అత్తగారు కిటికీ వైపు చూసి, కోడలి మొహం చూసింది. ఇంకేముంది, గుట్టు రట్టయింది.

అత్తగారు దుమ్మెత్తిపోసింది. తను తొలిచూలుతో ఉన్నప్పుడు రేచీకటి వచ్చిందట. మసక చీకట్లో మెట్లు కనపడక జారిపడి, ఆ బిడ్డను పోగొట్టుకుందట. విటమిన్ ఎ లేక అలా అయిందని, కార్జం తినమని అప్పటి డాక్టరమ్మ చెప్పిందట. ఎప్పుడో ఒకసారి తింటేనే తనకి చూపు తిరిగొచ్చింది కదా, రోజూ పెడితే కోడలికి ఇంకెంత మేలని పెడుతుంటే పిల్లికి ధారపోస్తుందా అని ఏడ్చింది.

డాక్టరు అడ్డొచ్చాడు. మసక వెలుతుర్లో చూపుకీ, చర్మానికీ, రోగాన్ని తట్టుకోడానికీ ఆ విటమిన్ కావలసిందే అన్నాడు. కానీ మిగిలింది ఒంట్లోంచి తేలిగ్గా పోదు, ఏ జీవికైనా కార్జంలోనే, అంటే లివర్లోనే, పేరుకుంటుంది. మరీ ఎక్కువైతే విషమే. పిల్లి మెడ ఎముకలు అతుక్కుపోయింది అందుకే, ఇక తిరగవు.

"కడుపుతో ఉన్నవాళ్ళకి కార్జం పెట్టకూడదమ్మా. లోపలి బిడ్డకి అవకరం రావచ్చు. క్యారెట్టూ ఆకుకూరలూ పెట్టండి, వాటిలోంచి ఒళ్ళు తనకి కావలసినంతే తయారుచేసుకుంటుంది."

అత్తగారు కోడలి దగ్గరికొచ్చి, రోజూ అడిగే మాటే అడిగింది.

"తిన్నావా?"

"లేదత్తయ్యా."

"ఒక్క ముక్కయినా?"

"వాసనకే వాంతొచ్చేది. ఒక్క ముక్క కూడా మింగలేదు."

అత్తగారు కోడల్ని దగ్గరికి లాక్కుని, ఇన్నాళ్ళూ తనకి అబద్ధం చెప్పిన ఆ మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని ముద్దు పెట్టుకుంది. ఆ చేతులు ఇంకా నీచు కంపు కొడుతూనే ఉన్నాయి. కోడలు మొహం తిప్పుకోలేదు.