ఎత్తేవాళ్ళు

పొద్దున్నే గుడ్లు వొలవటమంత చిరాకు పని ఇంకోటి లేదు, అందులోనూ చెయ్యి కాలిపోయే గుడ్లు. చన్నీళ్ళలో వేసి కాసేపు ఉంచితే పెంకు సుళువుగా ఊడుతుందని ఆమనికి తెలియక కాదు. చల్లారిన గుడ్డు భర్త కిషోర్‌బాబు ముట్టడు. జిమ్ నుంచి వచ్చి ఆయన బండికి స్టాండు వేసేలోపు బల్ల మీద పళ్ళెం ఉండాలి, పళ్ళెంలో తెల్లసొనలే ఉండాలి. పచ్చసొన తినకూడదని ఫోనులో ఎవరో కండలాయన చెప్పాడట. కండలాయన చెప్పాక ఆ ఇంట్లో ఇక తిరుగుంటుందా! మిగిలిన పచ్చసొనలు మెదిపి అత్తగారి జావలో కలుపుతుంది ఆమని. మరి ఆమని వాటా? ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. నిజం చెప్పొద్దూ, ఆమనికీ రాలేదు.

కిషోర్‌బాబుకు జగ్గయ్యపేటలో లారీ ఆఫీసుంది, ముక్త్యాల ఫ్యాక్టరీకి బళ్ళు తిప్పుతాడు. పొట్ట తగ్గించకపోతే గుండెకు ముప్పని రెండేళ్ళ కిందట డాక్టరు బెదరగొట్టాడు. తగ్గించాడు, అక్కడికి మెచ్చుకోవాల్సిందే. ఎనభై కేజీలు ఎత్తుతూ వీడియో తీయించుకుని బంధువులందరికీ పంపించాడు. ఎదురుపడినవాడినల్లా నిలబెట్టి ప్రొటీన్ గురించి ఉపన్యాసం ఇస్తాడు. ఆ ఉపన్యాసం వంటింటి గడప మాత్రం ఒక్కనాడూ దాటలేదు. సాయంత్రాలు నేనూ కాస్త నడుస్తానండీ అని ఒకసారి ఆమని అంటే, "పొద్దున్నించీ ఇంట్లో తిరుగుతానే ఉంటావుగా, ఇంకా నడకెందుకు? మీ ఆడాళ్ళకి ఇల్లే జిమ్ము" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకే తెలియదు.

అత్తగారు కమలాకుమారి కిందటేడు బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనైనా కాళ్ళల్లో సత్తువ రాలేదు, మంచంలోనే ఉండిపోయింది. ఆవిణ్ణి మంచం మీంచి కమోడ్ కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మార్చేది ఆమనే. మెడ చుట్టూ అత్తగారి చేతులు వేయించుకుని, నడుం పట్టుకుని, ఊపిరి బిగబట్టి లేపాలి. "మగపిల్లోణ్ణి పిలవబాకే అమ్మాయ్, సిగ్గుతో చస్తా" అని పెద్దావిడ మొదటిరోజే ఒట్టేయించుకున్నంత పని చేసింది. పోనీ మనిషిని పెడదామా అంటే, "బయటోళ్ళ చేతులు పడితే అమ్మ తట్టుకోలేదు" అన్నాడు కిషోర్‌బాబు. తన చేతులు కూడా పడలేదన్న సంగతి ఆయనకు తట్టనేలేదు.

ఫిజియోథెరపీకి అత్తగారిని నెలకోసారి నందిగామ తీసుకెళ్ళాలి. అక్కడ చూసే ఫర్జానా చిన్నపిల్లే కానీ కళ్ళు చురుకు. కిందటిసారి కారులోంచి పెద్దావిణ్ణి దించుతుంటే ఆమని మోకాళ్ళు వణకటం ఆ పిల్ల కంటపడింది. పెద్దావిడ పని పూర్తయ్యాక ఆమనిని పిలిచింది.

"ఆంటీ, మీరోసారి ఈ కుర్చీలో కూర్చోండి. చేతులు కట్టుకోండి. దేన్నీ పట్టుకోకుండా లేవండి."

"ఇదేం పరీక్షమ్మా, చిన్నపిల్లలకి పెట్టినట్టు!" అంటూనే ఆమని లేవబోయింది. లేవలేదు. ఇంకోసారి బలంగా ముందుకు ఒరిగింది. సగం లేచి, దభీమని కుర్చీలో పడింది. నవ్వు మొహం మీదే ఆరిపోయింది.

"ఏం తింటారాంటీ మీరు?"

ఆయన ఎప్పుడేం తింటాడో ఆమనిని అడగండి, నిద్రలో లేపినా చెబుతుంది. అత్తగారికి ఏది పడుతుందో, ఏది పడదో చెబుతుంది. తను ఏం తింటుంది? మూకుడన్నం. అందరూ తిన్నాక కూర మూకుట్లో రెండు గరిటెలు అన్నం వేసి, అడుగున అంటుకున్న మసాలా అంతా తుడిచి తినటం. కాపరానికొచ్చిన కొత్తలో అత్తగారే నేర్పింది, "అడుగున ఉండేదే అసలు రుచి అమ్మాయ్" అని. కోడి కోస్తే కార్జం, కందనకాయ అప్పటికి బతికున్న మామగారికి, కాలు కిషోర్‌బాబుకు. ఆ రోజుల్లో అత్తాకోడళ్ళిద్దరూ ఒకే మూకుట్లో చేతులు పెట్టి, నవ్వుకుంటూ తినేవాళ్ళు. ఆ తర్వాత చుట్టాలింటికి వెళ్ళినా, పెళ్ళిళ్ళకు వెళ్ళినా "నాకు మూకుడన్నమంటే ఇష్టమండీ" అని తనే ముందుగా చెప్పటం మొదలెట్టింది. ఇష్టమేనా? ముక్కేసుకుని తిన్నప్పుడు కదా, ఏది ఇష్టమో తెలిసేది! ఇన్నేళ్ళూ ఇష్టమని తనకు తానే చెప్పుకుంది. ఎంత పిచ్చిదాన్ని, అనుకుంది. ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది.

చివరికి మూకుడన్నం సంగతి చెబితే, "మసాలాలో బలమేముంటదాంటీ?" అంది ఫర్జానా మెల్లగా. "మీకు కండ కరిగిపోతంది. ఈ వయసులో పట్టించుకోకపోతే ఏటేటా కొంత పోతానే ఉంటది. పూటపూటా గుడ్డో చేపో, పప్పో పెరుగో బాగా తినాలి. ఉత్త తిండితో కూడా రాదు, కాళ్ళకు పని చెప్పాలి. కుర్చీలోంచి లేవటం, కూర్చోటం, దాంతోనే మొదలెట్టండి."

"పొద్దస్తమానం పనిలోనే ఉంటాగదమ్మా?"

"ఆ పనికి మీరు అలిసిపోతన్నారంతే. పైగా తిండి లేకుండా మనిషిని ఎత్తుతున్నారు." ఫర్జానా పెద్దావిడ పడుకున్న మంచం వైపు చూసి గొంతు తగ్గించింది. "మీ అత్తగారికిది ఒక్కరోజులో రాలేదాంటీ. మీ వయసులో ఆవిడా ఇట్టాగే ఉండి ఉంటది."

తిరుగు దారంతా ఆమని అత్తగారి చేతిని చూస్తూ కూర్చుంది. ఎముకకు తోలు చుట్టినట్టుంది. రేపు నేనూ పడితే? నన్నెవరు ఎత్తుతారు? గుమ్మంలో నిలబడి "ఏవైంది?" అని అడిగే మనిషి కళ్ళ ముందు కనబడ్డాడు. గుమ్మం దాటి లోపలికి వచ్చే మనిషి ఎంత వెతికినా కనబడలేదు.

మర్నాడు ఆమని ఒక గుడ్డు తీసుకుని, పొయ్యి దగ్గరే నిలబడి, పచ్చసొనతో సహా తినేసింది. దొంగతనం చేసినట్టు గుండె కొట్టుకుంది, అదేం ఖర్మో!

పళ్ళెం చూడగానే కిషోర్‌బాబు కనుబొమలు ముడిపడ్డాయి. "ఇయ్యాళ ఒకటి తగ్గిందేంటి?"

"నేను తిన్నానండీ. కాళ్ళల్లో బలం లేదు, తినమంది ఫర్జానా."

"తినొద్దన్నానా ఎప్పుడన్నా? చెప్తే తెస్తాగా!" అన్నాడు. ఇంతలో ఫోను మోగింది. "ఏం లేదు బావా, మా ఆవిడ బాడీబిల్డింగ్ మొదలెట్టింది" అని పగలబడి నవ్వాడు. మంచంలోంచి పెద్దావిడ కూడా, "వండేటప్పుడు రుచి చూస్తానే ఉంటాంగా అమ్మాయ్, మనకింకా గుడ్లేంటి" అంది. ఈసారి మాత్రం ఆమని నవ్వలేదు. కొత్త గుడ్ల ట్రే వస్తుందని చూసింది. రాలేదు. అయినా తనకొకటి తీసుకోవటం మానలేదు, కుర్చీ పట్టుకుని లేవటం, కూర్చోటం మానలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున, అత్తగారిని కుర్చీలోకి మారుస్తుండగా ఆమని మోకాళ్ళు ఒక్కసారిగా చచ్చుబడ్డాయి. ఎలాగో పెద్దావిడ వీపు మంచం పట్టె మీదికి నెట్టి, తను నేల మీద కూలబడింది. ముసలావిడ కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. ఆమని ఆ కాళ్ళను రెండు చేతులా గుండెకదిమి పట్టుకుంది. వదిలితే జారుతుంది, జారితే ఆ తుంటి ఇంకోసారి అతకదు.

"ఏవండీ! రండి!"

అప్పుడే జిమ్ నుంచి వచ్చిన కిషోర్‌బాబు గుమ్మంలో ఆగిపోయాడు. "చూసుకోవద్దూ? అమ్మకేమన్నా అయ్యుంటే? లే, లేచి పట్టుకో!"

"లేవలేను. మీరెత్తండి."

"నేనా? ఇదంతా ఆడాళ్ళ పని, నేనెట్టా..."

"ఆవిడ నలభై కేజీలు కూడా లేదు. ఇప్పుడేగా ఎనభై ఎత్తొచ్చారు!" ఆమని గొంతు ఎప్పుడూ లేనంతగా లేచింది.

"వద్దురా, నువ్వు బయటికి పో," కమలాకుమారి ఏడుపు గొంతుతో అంది. గాల్లో చేతులు తడుముతోంది, కోడలి మెడ కోసం. "అమ్మాయ్, నువ్వే... ఈ ఒక్కసారికి..."

"నా దగ్గర బలం లేదత్తయ్యా. మీకెట్టా పోయిందో నాకూ అట్టాగే పోయింది."

పెద్దావిడ చేతులు ఆగాయి. కోడలి మొహంలోకి చూసింది, కొత్తగా ఎవరినో చూసినట్టు. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకుని, రెండు చేతులూ కొడుకు వైపు చాచింది. "రారా. నడుం కింద చెయ్యి పెట్టి ఎత్తు. దాన్ని వదిలెయ్."

ఆయన వచ్చాడు. వంగాడు. చెయ్యి ఎక్కడ వెయ్యాలో తెలియక మంచాన్ని, దుప్పటిని, తల్లిని కలిపి పట్టుకున్నాడు. రెండోసారికి ఎత్తి కుర్చీలో దించాడు, నుదుటి మీద చెమట పట్టింది. ఆమని మంచం కోడు పట్టుకుని తనంతట తాను లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఇట్టా రోజూ ఎత్తాలా?" అని అడిగాడు కిషోర్‌బాబు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియదు ఆయనకు.

"మధ్యాహ్నం మళ్ళీ ఎత్తాలి, వేళకి వచ్చెయ్యండి," అంది ఆమని. "నేను మాత్రం మీకోసం ఆగను, ముందే తినేస్తా."