పన్నెండో ఇల్లు

అరచేతిలో బండరాయి చల్లదనం.

తార్నాకలో, ఏప్రిల్ ఎండలో, కాలుతున్న బస్టాపు కడ్డీ పట్టుకున్నా అదే చల్లదనం. రెండేళ్ళయినా పోలేదు.

ఆ బండ హిమాలయాల్లో ఉంది. చెట్లు కూడా ఎక్కిరాని ఎత్తు. పదకొండు ఇళ్ళ ఊరు. ఒక ఊట ఉంది కనుక బార్లీ పండుతుంది. మడి తడిపాక ఊట నోటికి బండ అడ్డం పెడతారు. బండ మీద గడ్డి కప్పుతారు. దిగువన మూడు ఊళ్ళున్నాయి. వాళ్ళకు చెప్పరు. తెలిస్తే పైపులేసుకుని వస్తారు...

పరిశోధన కోసం సుదర్శన్ అక్కడ ఆరు నెలలున్నాడు. రాళ్ళు మోశాడు. కాలువ తవ్వాడు. చివరి రోజు ఒక ముసలమ్మ అతన్ని ఊట దగ్గరికి తీసుకెళ్ళింది. బండ పెట్టమంది. అది పెట్టినవాడు ఆ ఊళ్ళో ఒక ఇల్లు కింద లెక్క.

పన్నెండో ఇల్లు.

ఆ సాయంత్రమే, చేతులు ఆరకముందే, అలవాటు కొద్దీ ఊట చోటు నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

ఇప్పుడు ఆ నోట్‌బుక్కు యూనివర్సిటీలో, అతని గైడు వనజ మేడమ్ బల్ల మీద.

"నోట్‌బుక్‌ల ఉన్నది, మ్యాప్‌ల లేదు. ఏంది సుదర్శన్, ఊటను మింగినవా?"

నవ్వలేకపోయాడు.

"నీళ్ళు యాడికెళ్ళి వస్తున్నయో మ్యాప్‌ల చూపకుంటే అది థీసిస్ కాదు, కథ. సోమవారం ఆఖరు."

సోమవారం దాటితే ఏడేళ్ళ పీహెచ్‌డీ పోతుంది. హాస్టల్ గది పోతుంది.

చెప్పకూడదు.

అనుకోగానే దిగువ ఊళ్ళు గుర్తొస్తాయి. అక్కడా తిన్నాడు. అక్కడా పడుకున్నాడు. ఎండిన కాలువ పక్కన, ఖాళీ డబ్బాలతో ఆడవాళ్ళు. ఆ నిలబడే తీరు అతనికి తెలుసు – మాణికేశ్వర్ నగర్‌లో ట్యాంకర్ కోసం అమ్మ అలాగే నిలబడేది. బరువంతా ఒక కాలి మీద. చూపు గల్లీ మలుపు మీద.

పైన ఉన్నది తన ఇల్లు. కింద నిలబడింది అమ్మ.

ఫోను. అమ్మే, ఉప్పలమ్మ.

"డాక్టర్‌సాబ్, అయిందా? గల్లీల అందరికి చెప్పిన. నువ్వు గాకపోతే నేను మొఖం కప్పుకొని తిరగాలె."

"అయితదమ్మా."

"ఏడేండ్ల సంది గదే మాట. ట్యాంకరొచ్చింది, పెట్టేస్తున్న."

గదిలో పటం పరిచాడు. ఫ్యాను గాలికి కాగితం లేస్తోంది. మూలలకు పుస్తకాలు పెట్టాడు. దిగువన మూడు ఊళ్ళు. పైన పదకొండు ఇళ్ళు. ఇంకొంచెం పైన – తెల్లటి చోటు.

పెన్సిల్ ఆనించాడు. ఎత్తాడు.

మళ్ళీ ఆనించాడు.

ఆ చోటును అరచేత్తో కప్పేశాడు.

మేడ మీద ఎవరో కుళాయి తిప్పారు. గోడలోని పైపులో నీళ్ళు దిగుతున్న చప్పుడు...

అరచేతి కింద చల్లగా ఉంది.

చేయి తీయలేదు.