రెండో తుపాకి

బుడేన్ సాహెబ్ చెవి పట్టుకుని బస్తాల నెట్టు మీది నుంచి కిందికి దిగాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు మణికట్టు దాకా కారుతోంది. రెండు నిలువుల ఎత్తున్న నెట్టు అది. రెండు చేతులూ ఖాళీగా ఉన్న కుర్రవాడికే దిగడం కష్టం. యాభై దాటిన మనిషి ఒక్క చేత్తో దిగాడు.

కింద రాజలింగం తుపాకి పట్టుకుని నిలబడ్డాడు. అతను కొట్టింది పావురాన్ని. పావురం శుభ్రంగా ఎగిరిపోయింది. గుండు కప్పు కింది ఇనప దూలానికి తగిలి, వెనక్కి తిరిగొచ్చి, ముసలాయన చెవి తమ్మెను చీల్చింది.

"ఏమప్పా, పిట్టకూ మనిషికీ తేడా తెలీదా నీకు?" అన్నాడు బుడేన్ సాహెబ్.

"నీ దిక్కు కొట్టలే భాయ్. దూలానికి తాకి మర్లొచ్చింది."

"యాడ తాకి వస్తేనేం! తగిలింది నాకు గదా. ఇంగో జానెడు ఇట్లొచ్చింటే కన్ను పోయుండు."

నెట్టు మీద ఉన్న నలుగురూ పని ఆపి చూస్తున్నారు. "దొరకు మోత తప్పింది, మనకు చెవులు తెగబట్టినయ్" అన్నాడు అంజి, రాజలింగం వంక చూసి. వాళ్ళెవరూ నవ్వలేదు.

దుబాయ్ అవతల, అల్ ఐన్ ఊరి శివార్లలోని దాణా గోదాము అది. ఒంటెలకీ, గొర్రెలకీ, కోళ్ళకీ మేత అక్కడి నుంచే పోతుంది. ఆగస్టు నెల. మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదన్న నిబంధన రేకుల కింద ఉన్నవాళ్ళకి వర్తించదని మేనేజరు మురళీ లెక్క. ఆ రేకుల కింద అరగంట నిలబడితే ఆయనకే తెలిసేది, కానీ ఆయన ఏసీ గది దాటి వచ్చేది తక్కువ. కరోనా తర్వాత సగం మందిని ఇళ్ళకి పంపేశారు. మోసే బస్తాలు మాత్రం తగ్గలేదు.

గోడ పైభాగాన గాలి కోసం వదిలిన ఖాళీల్లోంచి పావురాలు లోపలికి వస్తాయి. ఒలికిన మొక్కజొన్న తింటాయి, దూలాల మీద కాపురం పెడతాయి, బస్తాల మీద రెట్ట వేస్తాయి. ఆ ఖాళీలకి వల కట్టమని బుడేన్ సాహెబ్ ఏడాది నుంచి చెబుతున్నాడు. వలంటే డబ్బు పెట్టాలి. ఈలోగా గురువారం బలదియా, అంటే మునిసిపాలిటీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారని తెలిసింది. మురళీ గాభరాపడి, యజమాని అర్బాబ్ తోటలో ఊరికే పడి ఉన్న రెండు తుపాకులు కారులో వేసుకొచ్చాడు. ఒకటి సీసపు గుళ్ళు వేసే గాలి తుపాకి. రెండోది ఇత్తడి తూటాలు వేసే అసలు తుపాకి, పాయింట్ టూ టూ. లైసెన్సులు అర్బాబ్ పేరునే ఉన్నాయి.

కాల్చడానికి రాజలింగమే ఎందుకంటే, అదో విచిత్రం. జగిత్యాల పక్క పల్లెలో రాజలింగం తండ్రి పిట్టలదొర వేషం కట్టేవాడు. చిరిగిన ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. ఒక్క గుండుతో మూడు పులుల్ని పడగొట్టానని కోతలు కోసి, జనాన్ని నవ్వించి, గింజలు అడుక్కునేవాడు. ఒక శుక్రవారం సెలవునాడు, కూలీలుండే క్యాంపులో రాజలింగం తండ్రి మాటలన్నీ అప్పజెప్పాడు. గదిలోవాళ్ళు మంచాల మీద పడి దొర్లారు. గుమ్మం దగ్గరికి వచ్చిన మురళీ కూడా విన్నాడు. ఆయన తండ్రిది తణుకు, కానీ ఆయన పుట్టి పెరిగిందంతా దుబాయ్ సత్వాలో. పిట్టలదొరంటే ఏమిటో ఆయన ఎరగడు. వీళ్ళది నిజంగానే వేటగాళ్ళ వంశమనుకున్నాడు.

"మీ నాన్న పులుల్ని కొట్టాడంటగా, నువ్వు పావురాల్ని కొట్టలేవా?" అన్నాడు తుపాకులు తెచ్చిన రోజు.

కాదని చెప్పాల్సిన మాట రాజలింగం చెప్పలేదు. నడుం నొప్పితో నిద్రపట్టని మనిషికి బస్తాలు మోయొద్దు, తుపాకి పట్టుకో అంటే తియ్యగానే ఉంటుంది. రెండింట్లో ఏది కావాలని మురళీయే అడిగి, మురళీయే జవాబిచ్చాడు. "చిన్నదే మేలు. పెద్దదైతే రేకుకి చిల్లు పడుతుంది. వానొస్తే దాణా పాడైపోద్ది." ఆ లెక్కలో రేకు ఉంది, దాణా ఉంది. నెట్టు మీద పనిచేసే మనుషులు లేరు. రాజలింగానికీ అప్పుడు వాళ్ళు గుర్తురాలేదు.

ఇప్పుడు బుడేన్ సాహెబ్ మాటలు విని మురళీ ఏసీ గదిలోంచి బయటికి వచ్చాడు. గేటు బయట ట్రక్కులు బారులు తీరి ఉన్నాయి. ముందు వాటి వంక చూసి, తర్వాత బుడేన్ సాహెబ్ వంక చూశాడు.

"పెద్ద దెబ్బేం కాదులే. ప్లాస్టరేసుకుని పైకెక్కు. యల్లా, యల్లా!"

"సార్, వీళ్ళను గంటసేపు కిందికి దింపుండ్రి" అన్నాడు రాజలింగం. "గోదాము ఖాళీ అయితే నేను కొడ్త. మళ్ళ ఎక్కుతరు."

"గంటసేపు ట్రక్కులు ఆపితే వాటి కిరాయి నీ అయ్య కడతాడా? తప్పు మనుషులది కాదయ్యా, తుపాకిది. ఆ చిన్నదానికి బలం లేదు, ఇనుముకి తగిలి వెనక్కొస్తోంది." ఆఫీసు గదిలోకి వెళ్ళి రెండో తుపాకి తెచ్చాడు. దాన్ని రాజలింగం చేతుల్లో పెట్టాడు. "దీంతో కొట్టు. ఇది వెనక్కి రాదు, దూసుకుపోద్ది."

"రేకుకు చిల్లు పడ్తదన్నరు గద సార్?"

"పడితే పడనీ. సిలికాన్ పెట్టి పూడ్చేద్దాం."

"మనిషికి పడితే ఏం పెడ్తరు?"

మురళీ మొహం ఎర్రబడింది. "ఏంట్రా, నోరు లేస్తోంది? తుపాకి చేతికిస్తే నిజంగానే దొరవనుకుంటున్నావా?"

రాజలింగం పైకి చూశాడు. అంజి ఎత్తిన బస్తా ఎత్తినట్టే పట్టుకుని ఉన్నాడు. అతని తలకి మూరెడు పైన దూలం. దూలం మీద వరసగా పావురాలు. ఏ పిట్టను గురిచూసినా ఎవడో ఒకడి తల పక్క నుంచే చూడాలి. గాలి తుపాకి గుండు చెవి చీల్చింది. ఇది ఏం చేస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అతనికి భయం వేసింది, ఆ వెనకే సిగ్గు వేసింది. పొద్దుట్నుంచి వాళ్ళ తలల మీదుగానే కాలుస్తూ, నడుం నొప్పి తగ్గిందని సంబరపడ్డ సంగతి అతనికి తెలుసు.

"మా బాపు ఎన్నడు పులిని కొట్టలే సార్. అది కట్టె తుపాకి. బిచ్చపు ఆట. నాకు తుపాకి రాదు. నేను కొట్ట."

"అయితే నన్ను మోసం చేశావన్నమాట."

"చేసిన. తప్పే. అయినా కొట్ట."

"వీసా కాన్సిల్ చేయించేస్తా. ఖలాస్. సాయంత్రానికి మూట కట్టుకుంటావు, చూసుకో."

కాన్సిలన్న మాటకు క్యాంపులో ఎంతటివాడైనా దిగొస్తాడు. రాజలింగం తుపాకిని కాటా బల్ల మీద పెట్టాడు. నెట్టు దగ్గరికి నడిచి బస్తాల అంచులు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. పైకి చేరి అంజి పక్కన నిలబడ్డాడు. అంజి కాస్త జరిగి చోటిచ్చాడు.

మురళీ తుపాకి తీసి పైకెత్తి చూపించాడు. "ఎవరు కొడతార్రా? కొట్టినోడికి ఈ నెలంతా మోత లేదు. ఊరికే నీడన నిలబడటమే!"

పై నుంచి ఎవరూ దిగలేదు. ఆశ లేదని కాదు. నెలంతా మోత లేదంటే చేదుగా ఉండే నడుం ఆ గోదాములో ఒక్కటీ లేదు. ఒకరిద్దరు మురళీ చేతిలోని తుపాకి వంక చూసి చూపు తిప్పుకున్నారు.

బుడేన్ సాహెబ్ ముందుకొచ్చాడు. చెవికి అదిమిన తువాలు అట్లానే ఉంది. రెండో చెయ్యి చాచి తుపాకి తీసుకున్నాడు. ఈయన కొట్టేస్తాడనే అనుకున్నాడు పైనున్న రాజలింగం. రాయచోటి నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో బరువులు మోస్తున్న మనిషి, ఏనాడూ మేనేజరుకి ఎదురు చెప్పనివాడు. ఇందాకే తనని తిట్టినవాడు కూడాను.

"నేను కొడతా సారూ" అన్నాడు బుడేన్ సాహెబ్.

"శభాష్! పెద్దమనిషివనిపించావు."

"నువ్వు పైకెక్కు."

"ఏంటీ?"

"నెట్టెక్కు. ఆ రాజలింగం పక్కన నిలబడు. ట్రక్కులు ఆగేది లేదు గదా, ఒక్కో బస్తా అందిస్తా ఉండు. నువ్వాడ ఉండంగానే నేను పావురాన్ని కొడతా. దూసుకుపోతాదంటివి గదా, నీకేం భయం?"

"ముసలాడివని ఊరుకుంటున్నాను. ఇటివ్వు దాన్ని."

"ఇయ్యను. ఎక్కు సారూ." గొంతు పెంచలేదు. తుపాకి మొన నేలకే చూస్తోంది. "నీకు ఎక్కే దారి నేను చూపిస్తా."

గేటు బయట ట్రక్కు డ్రైవరు హారన్ నొక్కి పట్టాడు. వెనక ఇంకోడు అందుకున్నాడు. మురళీ పైకి చూశాడు, అయిదుగురు మనుషులు పై నుంచి అతన్నే చూస్తున్నారు. అంజి భుజాన్నుంచి బస్తా దించి దాని మీద కూర్చున్నాడు, ఆ వెనకే మిగతావాళ్ళూ కూర్చున్నారు. హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఎవరూ లేవలేదు.